గ్రామసభ: ఊరు పట్నంలో కలిస్తే అది ఏమవుతుంది?



శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లలో ఒకదానిలో మన సహవాసానికి చెందిన చిన్న సంఘం ఉంది. ఆ సంఘపెద్ద ఒకాయన ఈమధ్య ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపి అడిగారు: “అయ్యగారూ, మన సమాధుల జాగ గురించి అప్పట్ల గ్రామసభల తీర్మానం చేసిండ్రు. ఇప్పుడు ఊరు పోయి పట్నంల కలిసింది. ఆ తీర్మానం ఉన్నట్టా, లేనట్టా?”

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. “వచ్చే వారం చెప్తాను పెద్దన్నా” అన్నాను. చట్టం తెలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగి, పుస్తకాలు తిరగేస్తే ఆ ప్రశ్న సమాధుల జాగతో ఆగేది కాదని అర్థమైంది. గ్రామసభ అంటే అసలు ఏమిటి, దాని మాటకు ఎంత బలం ఉంది, ఊరు పట్నమైతే దాని స్థానంలో ఏమి వస్తుంది? మన సంఘాల్లో సగానికి పైగా ఇలాంటి ఊళ్లలోనే ఉన్నాయి కనుక ఈ వారం దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక పొరపాటు సరిచేసుకోవాలి. గ్రామ పంచాయతీ, గ్రామసభ ఒకటి కావు. పంచాయతీ అంటే మనం ఓటు వేసి ఎన్నుకున్న సర్పంచ్, వార్డు సభ్యులు. గ్రామసభ అంటే ఓటు వేసిన మనమే. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం ఆ పంచాయతీ పరిధిలో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. దీనికి ఎన్నిక లేదు, చందా లేదు, పదవీకాలం లేదు. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబరులో మూడు విడతల ఎన్నికలు జరిగేదాకా దాదాపు రెండేళ్లు సర్పంచ్‌లు లేరు, ప్రత్యేకాధికారులు పాలించారు. ఆ రెండేళ్లూ పంచాయతీ పాలకవర్గం లేదు గాని గ్రామసభ ఉంది. ఓటర్లు ఊళ్లోనే ఉన్నారు కదా!

అంటే మన దేశంలో ప్రజలు తమ ప్రతినిధుల ద్వారా కాకుండా తామే నేరుగా కూర్చునే రాజ్యాంగ సభ ఇదొక్కటే. పార్లమెంటులో మన తరపున మరొకరు మాట్లాడతారు. అసెంబ్లీలోనూ అంతే. గ్రామసభలో మాత్రం మన నోరు మనదే.

ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. రాజ్యాంగం రాసే రోజుల్లో ఊరి మీద పెద్ద వాదమే జరిగింది. గాంధీగారి అనుచరులు గ్రామమే పునాది కావాలన్నారు. డాక్టర్ అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో దాన్ని గట్టిగా తోసిపుచ్చారు. ఊరంటే సంకుచితత్వానికీ కులానికీ నిలయమని ఆయన అభిప్రాయం. మాలవాడ, మాదిగవాడ నుంచి వచ్చిన మన సంఘాల పెద్దలకు ఆ మాటలోని నిజం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఊరంతా కూర్చుంది అన్నప్పుడు ఎవరు మంచం మీద కూర్చున్నారు, ఎవరు నేల మీద కూర్చున్నారు, ఎవరు చావడి బయట నిలబడ్డారు అని అడిగే హక్కు మనకు ఉంది. చివరికి పంచాయతీల ప్రస్తావన ఆదేశిక సూత్రాల్లో 40వ అధికరణంగా మాత్రమే చేరింది.

1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ మూడంచెల పంచాయతీరాజ్‌ను సిఫారసు చేసింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ దాన్ని ప్రారంభించారు. దాని వెంటనే ఆంధ్రప్రదేశ్ అందుకుంది. ఆ ప్రారంభం ఎక్కడ జరిగిందో మన చదువుకున్న పిల్లల్లో కూడా చాలామందికి తెలియదు. షాద్‌నగర్‌లో! శంషాబాద్ నుంచి అదే బెంగళూరు రహదారి మీద ఇంకాస్త ముందుకు పోతే వచ్చే షాద్‌నగర్. ఆ దారిన ఎన్నిసార్లు కూటాలకు వెళ్లానో లెక్కలేదు. ఈ సంగతి ఎవరూ చెప్పగా వినలేదు.

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చి గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి, మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా పంచాయతీ స్థానాలు కేటాయించింది. అంబేడ్కర్ భయానికి ఆలస్యంగానైనా దొరికిన ఒక జవాబు అది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం, తెలంగాణలో 2018 చట్టం వచ్చాయి. 2018 చట్టం తండాలను, శివారు పల్లెలను కూడా విడదీసి పంచాయతీల సంఖ్యను 12,751కి చేర్చింది. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంది. పెట్టకపోతే సర్పంచ్ పదవికే ముప్పు.

ఇంతవరకూ చదివితే బాగానే ఉంది అనిపిస్తుంది. కాని ఒక సభకు ఎంత బలం ఉందో చెప్పేది దాన్ని ఎన్నిసార్లు పెడతారన్నది కాదు, దాని మాట ఎవరిని కట్టిపడేస్తుందన్నది. ఇక్కడ కాస్త దూరం వెళ్లి రావాలి. సభలో కూర్చున్న జనానికి నిజంగా అధికారం ఉండి, తర్వాత సభ మిగిలి అధికారం పోయిన కథ చరిత్రలో ఒకటి వివరంగా రాసి ఉంది. అది రోమా కథ. మన కొత్త నిబంధన సంఘాలు పుట్టినది ఆ రోమా నీడలోనే.

రోమా పేరు చెప్పగానే మనకు కైసరు గుర్తొస్తాడు. కైసర్లకు ముందు దాదాపు 500 ఏళ్లు రోమా రాజులేని రాజ్యం. ఏటేటా ఇద్దరు కాన్సుల్‌లను, మిగతా అధికారులను జనమే ఎన్నుకునేవారు. చట్టాలు చేసేదీ, యుద్ధం ప్రకటించేదీ జనసభే. సెనేట్ సలహా చెప్పేది. పలుకుబడిలో ఆ సలహా ఆజ్ఞ లాంటిదే, కాని కాగితం మీద సలహాయే.

ఆ జనసభ ఒకటి కాదు. పాతది సెంచురీల సభ. నగర సరిహద్దు బయట మార్స్ మైదానంలో, సైన్యం బారులు తీరినట్టు జనం ఆస్తిని బట్టి 193 దళాలుగా నిలబడేవారు. ఓటు మనిషికి కాదు, దళానికి. తొలి ఏర్పాటులో గుర్రపు దళాలు 18, మొదటి తరగతి ధనికులవి 80. కలిపితే 98. అంటే వాళ్లు ఏకమైతే మెజారిటీ వచ్చేసినట్టే. అక్కడితో ఓటింగు ఆపేసేవారు. కిందివాళ్లు ఉదయం నుంచి నిలబడి, ఓటు వేయకుండానే ఇంటికి పోవచ్చు. ఆస్తి లేని పేదలందరికీ కలిపి ఒకే ఒక్క దళం.

రెండోది తెగల సభ. తెగ అంటే ఇక్కడ కులం కాదు, ప్రాంతం. మొత్తం 35 తెగలు. వాటిలో రోమా నగరానివి 4, చుట్టుపక్కల పల్లె ప్రాంతాలవి 31. నగరంలో లక్షల జనం కిక్కిరిసినా ఆ నాలుగు ఓట్లే. పల్లెల 31లో ఓటు వేయాలంటే రోమాకు నడిచి రావాలి. పొలం వదిలి రాగలిగినవాడు ఎవడు? నాలుగు డబ్బులు ఉన్నవాడే.

మూడోది సామాన్యుల సభ. ఉన్నత కుటుంబాలవాళ్లకు ఇందులో చోటు లేదు. వాళ్ల నాయకులు ట్రిబ్యూన్‌లు. ఏ అధికారి నిర్ణయాన్నైనా ‘వద్దు’ అని ఆపగల శక్తి వాళ్లకుండేది. క్రీ.పూ. 287లో హోర్టెన్షియస్ చట్టం వచ్చాక ఈ సభ చేసిన తీర్మానం ధనికులతో సహా రోమా అంతటికీ చట్టమైంది. నా దృష్టిలో రోమా చరిత్రలో యుద్ధ విజయాలన్నింటికన్నా పెద్ద సంగతి ఇది. పేదల సభ ‘సిఫారసు’ చేయడం కాదు; అది అంటే జరిగి తీరాలి.

అయినా ఆ సభల్లో చర్చ ఉండేది కాదని గుర్తుంచుకోవాలి. అధికారి ప్రతిపాదన చదివితే జనం అవునో కాదో చెప్పాలి. ఒక్క పదం మార్చే వీలు లేదు. ప్రసంగాలు అంతకుముందే వేరే కూటంలో అయిపోతాయి, అక్కడా అధికారి పిలిచినవాడే మాట్లాడాలి. స్త్రీలకు, దాసులకు ఓటే లేదు. రహస్య ఓటు క్రీ.పూ. 139లో గాని రాలేదు; అప్పటిదాకా అందరి ముందూ నోటితో చెప్పాల్సిందే. అప్పిచ్చినవాడు పక్కనే నిలబడి చూస్తుంటే ఏమని చెప్తాడు?

ఈ సభ తన బలాన్ని చూపినది భూమి విషయంలో. క్రీ.పూ. 133లో తిబెరియస్ గ్రాక్కస్ అనే ట్రిబ్యూన్, యుద్ధాల్లో గెలిచిన ప్రభుత్వ భూమిని పెద్దలు ఆక్రమించుకున్నారని లేచాడు. ఒక్కొక్కరి దగ్గర సుమారు 300 ఎకరాలకు మించి ఉన్నది తీసి పేదలకు పంచాలని సామాన్యుల సభ ముందు పెట్టాడు. సెనేట్ ఆమోదం కోసం ఆగలేదు. తోటి ట్రిబ్యూన్ ఒకడు అడ్డుపడితే సభ చేత అతన్ని తొలగింపజేశాడు. చట్టం గెలిచింది. ఆ ఏడే సెనేటర్లూ వాళ్ల మనుషులూ కర్రలతో వచ్చి గ్రాక్కస్‌ను, అతని అనుచరులను వందలమందిని చంపి శవాలను టైబర్ నదిలో పారేశారు. సభ మాటకు బలం ఉందనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? బలం లేని సభ కోసం ఎవరూ కర్రలు పట్టుకుని రారు.

ఆ తర్వాత ఇటలీ అంతటికీ పౌరసత్వం ఇచ్చారు గాని, ఓటు మాత్రం రోమాకు వచ్చే వేయాలన్నారు. ఊరు పెరిగింది, సభ పెరగలేదు. అంతర్యుద్ధాల తర్వాత అగస్టస్ కాలానికి సభలు జరుగుతూనే ఉన్నాయి, కాని ఎవరు గెలవాలో పైన ముందే తేలిపోయేది. ఓటింగు కోసం పాలరాతితో కట్టిన పెద్ద ప్రాంగణం క్రీ.పూ. 26లో పూర్తయింది. తీరా అందులో కత్తిసాముల వినోదాలు జరిగాయి, ఆ తర్వాత అది అంగళ్ల వీధి అయింది. క్రీ.శ. 14లో తిబెరి కైసరు అధికారుల ఎన్నికను జనసభ నుంచి తీసి సెనేట్‌కు ఇచ్చేశాడు. చరిత్రకారుడు టాసిటస్ రాసినదాన్ని బట్టి జనం కాస్త గొణిగి ఊరుకున్నారు. ప్రభువైన యేసు నజరేతులో యౌవనస్థుడుగా ఉన్న రోజులవి. సభను ఎవరూ రద్దు చేయలేదు. దాని పని మరో గదిలోకి మారింది, అంతే.

దీని ఆనవాలు మన బైబిల్లోనే ఉంది. అపొస్తలుల కార్యాలు 25వ అధ్యాయంలో పౌలు ఫేస్తు ఎదుట కైసరుకే అప్పీలు చేసుకుంటాడు. ఆ హక్కు పాత రోమాలో కైసరుది కాదు. అధికారి శిక్ష వేస్తే పౌరుడు ‘ప్రజల’ ముందుకు, అంటే జనసభ ముందుకు పోతానని అనగలిగేవాడు. ప్రజలు కూర్చునే చోట పౌలు కాలానికి ఒక్క మనిషి కూర్చున్నాడు. పౌలు పౌరసత్వం ఆయన్ని కొరడా నుంచి తప్పించింది గాని, ఆయన చేతికి ఓటు ఇవ్వలేదు.

అదే పుస్తకం 19వ అధ్యాయంలో ఎఫెసు రంగస్థలం సన్నివేశం ఇంకా దగ్గరగా మన ఊరి సభను చూపిస్తుంది. ఆ రంగస్థలం ఇప్పటికీ తవ్వకాల్లో కనిపిస్తుంది, సుమారు 25 వేలమంది పట్టేంత పెద్దది. దేమేత్రియ అనే కంసాలి తన వ్యాపారం పోతుందని రేపిన అల్లరికి పట్టణమంతా అక్కడికి పరుగెత్తింది. ఎందుకు వచ్చారో చాలామందికి తెలియదని లూకా రాశాడు. రెండు గంటలు ఒకటే కేక. చివరికి పట్టణపు అధికారి ఒకాయన లేచి వాళ్లను చల్లార్చి, ఫిర్యాదు ఉంటే న్యాయస్థానాలు ఉన్నాయి, మిగతా సంగతులు చట్టప్రకారం కూడే సభలో తేలతాయి అని పంపేస్తాడు. మన పాత తెలుగు బైబిలు ఆయన్ని ‘కరణము’ అన్నది. మా తెలంగాణలో అయితే పట్వారీ! తర్జుమా చేసినవారు మన ఊళ్లను ఎంత బాగా ఎరిగినవారో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది. ఆ కరణం భయం కూడా మనకు తెలిసినదే: పైనున్న రోమా అధికారులు ఈ గుంపు ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

ఆ అధ్యాయంలో ‘సభ’ అని మనం చదివే చోట గ్రీకులో ఉన్న మాట ఎక్లేసియ. ఇతర చోట్ల అదే మాటను మనం ‘సంఘము’ అని చదువుతాం. ‘బయటికి పిలువబడినవారు’ అని దాన్ని విడదీసి ప్రసంగించడం మనకు అలవాటు. నేనూ చిన్నతనంలో చాలాసార్లు అలాగే చెప్పాను. సెమినరీలో ఒక గురువుగారు ఆ అలవాటు మాన్పించారు. ఆ రోజుల్లో బజారులో నడిచే మనిషికి ఎక్లేసియ అంటే పట్టణ పౌరుల సభ. యూదులకు గ్రీకు పాత నిబంధన ద్వారా ఇశ్రాయేలు సమాజం. తొలి విశ్వాసులు తమ కూడికకు గుడి పేరు పెట్టుకోలేదు, సభ పేరు పెట్టుకున్నారు. ఓటు లేని స్త్రీలు, దాసులు అందులో సభ్యులు. ఇది గ్రామసభ మీద వ్యాసం కనుక ఈ మాట ఇక్కడితో ఆపుతాను. ఏటా జనరల్ బాడీ రోజున రిజిస్టర్‌లో సంతకం పెట్టి బిర్యానీ వేళకు మాత్రం కనిపించే సభ్యులు దీన్ని ఇంకో రెండుసార్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

ఇక మన గ్రామసభ మాట బలమెంత? ఏడాది లెక్కలు, ఆడిట్ నివేదిక, వచ్చే ఏడాది పనులు, కొత్త పన్నుల ప్రతిపాదన, పథకాల లబ్ధిదారుల జాబితా దాని ముందు పెట్టాలి. బాగుంది. కాని 1994 చట్టం చదివితే ఒక వాక్యం దగ్గర ఆగిపోతాం. గ్రామసభ చేసిన సూచనలను పంచాయతీ తగు విధంగా పరిశీలించాలట. పరిశీలించడం, లోబడడం వేర్వేరు. రాజ్యాంగం 243ఎ కూడా గ్రామసభకు ఏ అధికారాలు ఇవ్వాలో రాష్ట్రాలకే వదిలేసింది. హోర్టెన్షియస్ చట్టానికి ముందున్న రోమా సామాన్యుడి స్థితి ఇది: కూడవచ్చు, చెప్పవచ్చు, పైవాళ్లు వింటే వింటారు.

విని తీరాల్సిన చోట్లు లేకపోలేదు. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాలకు 1996లో వచ్చిన పెసా చట్టం గ్రామసభకు ఎక్కువ బలం ఇచ్చింది. మన సరిహద్దు దాటగానే ఒడిశాలో నియమగిరి కొండలున్నాయి. అక్కడ బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్న వివాదంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం కింద ఈ సంగతి గ్రామసభల ముందుకు పోవాలంది. ఆ జులై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 పల్లెల్లో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, వాళ్ల పొరుగువారు, చాలామంది అక్షరం రానివారే, ఒక్కొక్కరుగా లేచి వద్దన్నారు. 12కు 12 ఊళ్లూ వద్దన్నాయి. గని ఆగింది. అక్కడ గ్రామసభ సలహా చెప్పలేదు, తీర్పు చెప్పింది.

మన రాష్ట్రంలోనూ మరో విధంగా ఒక మంచి జరిగింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనుల సామాజిక తనిఖీని గ్రామసభ చేతికిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని దేశంలో అందరికన్నా ముందు పద్ధతిగా చేపట్టి, 2009లో అందుకు ప్రత్యేక సంస్థనే పెట్టింది. మస్టర్ రోల్‌లో ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి రాశారో ఊరి ముందు పైకి చదివేవారు. చనిపోయినవారి పేరు మీద కూలి ఎత్తిన సంగతి ఎవరి ఆడిట్ కన్నా ఆ మనిషి పక్కింటివాళ్లకు ముందు తెలుస్తుంది. చదవడం రాని కూలీ ఆ సభలో చెవులతో లెక్క చూసింది.

భూమి దగ్గరికి వద్దాం. 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం దాదాపు 5,500 ఎకరాల్లో ఉంది. దాని భూసేకరణ జరిగిన కాలానికి అమల్లో ఉన్నది 1894 నాటి బ్రిటిష్ చట్టం. అందులో భూమిలో హక్కున్నవాడు అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. గ్రామసభ అనే మాటకు అందులో చోటు లేదు. పట్టా లేని కూలి కుటుంబం, గొర్లు మేపుకునే కుటుంబం ఎక్కడ లేచి మాట్లాడాలో ఆ చట్టానికి పట్టలేదు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంది. మైదాన ప్రాంతాల్లో ప్రైవేటు ప్రాజెక్టుకైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు ఉమ్మడి ప్రాజెక్టుకైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి అడిగింది. అది కుటుంబాల సంతకం, ఊరి సభ మాట కాదు. తెలంగాణ 2017లో సవరణ చేసి కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ మాత్రం షరతుల నుంచి కూడా తప్పించే వీలు పెట్టుకుంది. విమానాశ్రయం వల్ల ఈ ప్రాంతానికి ఉద్యోగాలు వచ్చాయి, మన సంఘాల్లో ఎన్నో ఇళ్లు దాని మీద బతుకుతున్నాయి. నేను దాన్ని కాదనడం లేదు. అడిగే చోటు ఉండిందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇక పెద్దన్న ప్రశ్న అసలు భాగం. ఊరు పట్నంలో కలిస్తే?

శంషాబాద్ ఒకప్పుడు గ్రామ పంచాయతీ. మున్సిపాలిటీగా మారి 2020 జనవరిలో వార్డు కౌన్సిలర్లను ఎన్నుకుంది. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని పక్కన ఉన్న 51 గ్రామ పంచాయతీలను దగ్గరి మున్సిపాలిటీల్లో కలిపారు. అలా పెద్ద గోల్కొండ, చిన్న గోల్కొండ వంటి ఊళ్లు శంషాబాద్ మున్సిపాలిటీలో చేరాయి. ఏడాదిన్నర తిరగకముందే, 2025 డిసెంబరులో, ఆ మున్సిపాలిటీయే మరో 26 పురపాలక సంస్థలతో పాటు గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. పొలం గట్టు మారకుండానే మనిషి మూడు రకాల పాలనలు చూశాడు.

ఇందులో ఎవరూ ఎక్కువగా మాట్లాడని సంగతి ఒకటుంది. రాజ్యాంగం పల్లెకు గ్రామసభ ఇచ్చింది. పట్టణాలకు సంబంధించిన 74వ సవరణలో దానికి సమానమైనది లేదు. 243ఎస్ అధికరణం వార్డు కమిటీలు అన్నది, అదీ 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాల్లో. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది: యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు, ఒక్కొక్క దానిలో 15 మంది. హైదరాబాద్ కార్పొరేషన్ చట్టంలో ఏరియా సభ అనే మాట ఉంది. కమిటీ మంచిదే కావచ్చు. కాని కమిటీలో చోటు ఎవరో ఇస్తే వస్తుంది. గ్రామసభలో చోటు ఓటరు అయిన రోజే వచ్చేసింది. ఊరు పట్నమైనప్పుడు రోడ్డు వస్తుందో రాదో, పన్ను పెరుగుతుందో లేదో అని మనం లెక్కలు వేసుకున్నాం. ఈ చోటు పోయిందని ఎంతమందిమి గమనించాం? రోమాలో జనం గొణిగారు, ఇక్కడ మనం అది కూడా చేయలేదు.

2025 జనవరి 21 నుంచి 24 వరకు ప్రభుత్వం రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డుల జాబితాల కోసం పల్లెల్లో గ్రామసభలు, పట్టణాల్లో వార్డు సభలు పెట్టింది. చాలాచోట్ల జనం తమ పేరు లేదని లేచి నిలదీశారు, అధికారులు ఉక్కిరిబిక్కిరయ్యారు. ఆ గలాటా చూసి ఇదేం పద్ధతి అని పెదవి విరిచినవాళ్లున్నారు. నాకైతే ఎఫెసు రంగస్థలం కన్నా అది ఎంతో క్రమంగా కనిపించింది. ఎందుకు వచ్చారో ప్రతి ఒక్కరికీ తెలుసు. తేడా ఏమిటంటే, పల్లెలో ఆ సభ మరో రెండు నెలలకు మళ్లీ కూడాలని చట్టం చెబుతుంది. పట్టణంలో మళ్లీ ఎప్పుడన్నది పిలిచేవారి ఇష్టం.

పెద్దన్నకు ఆ తర్వాతి ఆదివారం నేను చెప్పిన జవాబు, ఇతర సంఘాలకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను. గ్రామసభ తీర్మానం పట్టా కాదు. సమాధుల స్థలం ప్రభుత్వ భూమి అయితే అది రెవెన్యూ రికార్డుల్లో ఆ అవసరానికి నమోదై ఉండాలి, అది తహసీల్దారు కార్యాలయంలో చూసుకోవాలి. అలాగని తీర్మానం చిత్తు కాగితమూ కాదు. పంచాయతీ ఆస్తులు, బాధ్యతలు, రికార్డులు విలీనమైన సంస్థకు చేరతాయి. ఆ స్థలాన్ని ఇన్నేళ్లుగా ఊరు ఒప్పుకుని, మనం వాడుతున్నామనడానికి ఆ తీర్మానాల పుస్తకం గట్టి సాక్ష్యం. అందుకే మొదటి పని, ఆ పుటల నకలు తీసుకోవడం. సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10. ఇంకా పంచాయతీలుగానే ఉన్న ఊళ్ల సంఘాలు వచ్చే గ్రామసభలోనే స్థలం సర్వే నంబరు, విస్తీర్ణం, ఎటు హద్దు ఏమిటో చెప్పి తీర్మానంలో రాయించుకోవాలి. చాలా తీర్మానాల్లో ‘క్రైస్తవుల సమాధుల స్థలం’ అని మాత్రమే ఉంటుంది. ఎక్కడిది, ఎంత అన్నది ఉండదు. ఊరందరికీ తెలుసు కదా అనుకుంటారు. ఊరు ఉన్నన్నాళ్లూ తెలుసు. ప్రతి ఊళ్లో వైకుంఠధామం కట్టినప్పుడు మన స్థలాన్ని వేరుగా గుర్తించారా, అందులో కలిపేశారా అన్నది కూడా చూసుకోవాలి.

మరో మాట. సభకు ఒక్కరు పోతే లాభం లేదు. కోరం ఓటర్ల సంఖ్యను బట్టి ఉంటుంది, జనం తక్కువైతే తీర్మానానికే లోపం పట్టవచ్చు. స్త్రీలు పోవాలి. సంఘంలో చదువుకున్న అమ్మాయి ఒకరు తీర్మానం రాసేటప్పుడు పక్కన నిలబడి, రాసినది పైకి చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.

పెద్దన్న ఈ వారం మళ్లీ వచ్చారు. దరఖాస్తు ఇచ్చారట. పాత పంచాయతీ పుస్తకాలు మున్సిపాలిటీకి పోయాయని, అక్కడి నుంచి ఎటు పోయాయో వెతకాలని కార్యాలయంలో చెప్పారట. చట్టం ప్రకారం వాళ్లకు 30 రోజులుంది. ఆ తీర్మానం నాడు సభలో ఉన్నవారిలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టి నలుగురన్నారు. అందులో ఇద్దరు మన సంఘస్థులు కారు, అయినా అడిగితే వచ్చి చెప్తారట. మంగళవారం వాళ్ల నలుగురి మాటలూ రాసుకోవడానికి మా సంఘ కార్యదర్శి వెళ్తున్నాడు.